అర్ధ రూపాయి ఎటు పోవాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉద్యోగుల పేజీలో ఎక్సెల్ చిట్కాలు వేశారు. డీఏ (కరువు భత్యం) లెక్కల్లో పైసలు వస్తే ఆ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, దశాంశాలు తగ్గించే బటన్ రెండుసార్లు నొక్కితే చాలు, అంకెలన్నీ రూపాయలకి రౌండాఫ్ అయిపోతాయని అందులో ఒక చిట్కా. అది తప్పు సార్. ట్రెజరీ నుంచి బిల్లు వెనక్కి వచ్చేంత తప్పు. నాకెలా తెలుసంటే ఆ పని నేనే చేశాను, ఆ బిల్లు నాకే వెనక్కి వచ్చింది. తర్వాత దాన్ని సరిచేయబోయి ఇంకో తప్పు చేశాను, అది మొదటిదానికన్నా ఘోరం, ఎందుకంటే అది వెనక్కి కూడా రాలేదు. ఉత్తరం కాస్త పొడుగవుతుంది. మీకు చోటు లేకపోతే మాటలు కత్తిరించండి, అంకెలు మాత్రం కత్తిరించకండి.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. డీఏ పెరిగినప్పుడల్లా, పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినప్పుడల్లా మా టీచర్లలోనే ఎవరో ఒకరు ఎక్సెల్లో ప్రోగ్రామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లోకి వదలడం మీకు తెలిసిందే. ట్రెజరీ ఐడీ కొట్టి, బేసిక్ (మూల వేతనం) కొట్టి, బటన్ నొక్కితే డ్యూ డ్రాన్ స్టేట్‌మెంటు, అంటే ఇవ్వాల్సిందీ ఇచ్చిందీ చూపే పట్టిక, ప్రింటుకి రెడీ. రాష్ట్రమంతా వాడేంత గొప్పవి కాకపోయినా మా మండలం వరకు అలాంటివి నేను చేసిపెడుతుంటాను. మాక్రోలు, అంటే ఎక్సెల్ చేత వరసగా పనులు చేయించే చిన్న ప్రోగ్రామ్‌లు, రాయడం నాకెవరూ నేర్పలేదు. రికార్డర్ ఆన్ చేసి, అది ఏం రాస్తుందో చూసి, దాన్నే అటూ ఇటూ మార్చుకుంటూ నేర్చుకున్నదే. కాబట్టి అందులో తప్పులు కూడా నా సొంతమే.

ఇది 22.75 శాతం డీఏ ఎరియర్స్ (బకాయిలు) నాటి మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి వర్తించిన డీఏ అది, అంతకుముందు 20.02 ఉండేది. మా మండలంలో ఒక ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) మేడం బేసిక్ 39,800. దానికి 22.75 శాతం వేస్తే 9,054 రూపాయల 50 పైసలు. మీ చిట్కాలో ఉన్నట్టే నేనూ దశాంశాలు కనబడకుండా చేశాను. సెల్‌లో 9,055 అని ముచ్చటగా కనబడింది. ఆరు నెలల వరసలు, ఆరింటిలోనూ 9,055. కింద టోటల్ 54,327. పక్కన డ్రాన్ కాలమ్‌లో, అంటే పాత 20.02 శాతం లెక్కన ఇచ్చింది, నెలకి 7,968, టోటల్ 47,808, అది సరిపోయింది. తేడా కాలమ్‌లో నెలకి 1,087, కింద 6,519.

ట్రెజరీలో ఒక పెద్దాయన ఉన్నారు, కంప్యూటర్ ముందు కూర్చుని కూడా పక్కన పాత కాలిక్యులేటర్ పెట్టుకునే రకం. ప్రతి కాలమ్‌నూ వేళ్లతో టకటకా కొట్టి, కింద నేను ప్రింటు తీసిన టోటల్ పక్కన పెన్సిల్‌తో 54,330 అని రాశారు. దాని పక్కన 6,522. కాగితం నా వైపు తిప్పి, “మాస్టారూ, మీ కంప్యూటర్‌కి కూడికలు రావా?” అన్నారు. వెనక క్యూలో ఇద్దరు హెడ్మాస్టర్లు నవ్వారు. లెక్కల టీచర్‌కి అంతకన్నా అవమానం ఏముంటుంది చెప్పండి.

కూడికలు దానికి బాగానే వచ్చు. నేను దాచినదాన్ని కూడా కలిపి అది కూడింది, అంతే. సెల్‌లో ఉన్నది ఎప్పటికీ 9,054.50. ఫార్మాట్ చేయడమంటే ఆ అంకెకి మసిపూసి మారేడుకాయ చేయడమే, లోపల కాయ మారదు. కంటికి 9,055 కనబడుతుంది, సమ్ అనే ఫంక్షన్ మాత్రం లోపలి యాభై పైసలతో సహా కూడుతుంది, అలా ఆరు నెలలకి మూడు రూపాయలు తేడా పడింది. మాక్రోలో నంబర్‌ఫార్మాట్ అని రాసి పక్కన "0" పెట్టినా ఇదే కథ, బటన్ నొక్కే పని మనిషి బదులు మాక్రో చేస్తుంది. ఎక్సెల్ ఆప్షన్లలో లోపలెక్కడో కనబడిన అంకెనే అసలు అంకెగా తీసుకో అనే టిక్కు ఒకటి ఉంటుంది, కొందరు దాన్ని పెట్టేసి చేతులు దులుపుకుంటారు. ఆ టిక్కు వర్క్‌బుక్ మొత్తానికి వర్తిస్తుంది, దాచిన దశాంశాలను శాశ్వతంగా చెరిపేస్తుంది, తర్వాత టిక్కు తీసేసినా అవి తిరిగి రావు. దాని జోలికి పోవద్దనే నేను చెబుతాను.

సరే, ఇంటికొచ్చి బుద్ధిగా మాక్రో తెరిచి, డీఏ లెక్కగట్టే లైనులో రౌండ్ అని తగిలించాను. ఈసారి దాచడం గీచడం లేదు, నిజంగానే రూపాయలకి తెచ్చాను. కాలమ్ కూడితే టోటల్ సరిపోయింది, పెద్దాయన కాలిక్యులేటర్‌తోనూ సరిపోయింది, బిల్లు పాసయింది. నెల తర్వాత ఆ మేడం ఫోన్ చేశారు. పక్క మండలంలో వాళ్ల స్నేహితురాలిదీ అదే బేసిక్, అవే నెలలు. ఆవిడ స్టేట్‌మెంట్‌లో డీఏ 9,055 ఉంది, మేడందాంట్లో 9,054. “సార్, నాకెందుకు రూపాయి తక్కువ?” అన్నారు. రూపాయే కదా మేడం అన్నాను. “రూపాయి కోసం కాదు సార్, ఎందుకని అడుగుతున్నా” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఆ రాత్రి దొరికింది. మీ పాఠకుల్లో ఆసక్తి ఉన్నవాళ్లు ఇప్పుడే చూసుకోవచ్చు, ఒక్క నిమిషం పని. ఎక్సెల్ తెరిచి ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే మాక్రోల ఎడిటర్ వస్తుంది, అందులో కంట్రోల్, జీ నొక్కితే అడుగున ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి రౌండ్ అని రాసి బ్రాకెట్లో 2.5 ఇచ్చి ఎంటర్ కొట్టండి. 2 అంటుంది. 3.5 ఇవ్వండి. 4 అంటుంది. 0.5 ఇస్తే 0, 1.5 ఇస్తే 2. అదే ఎక్సెల్ షీటు మీదకొచ్చి సెల్‌లో ఈక్వల్‌టు పెట్టి అదే రౌండ్‌తో బ్రాకెట్లో 2.5, కామా, 0 ఇచ్చి అడిగితే 3 అంటుంది! ఒకే కంపెనీ, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే పేరున్న ఫంక్షన్, షీటు మీద ఒక మాట, మాక్రోలో ఇంకో మాట.

ఇది బగ్ అని చాలామంది తిడతారు, నేనూ ఆ రాత్రి తిట్టాను. బగ్ ఏమీ కాదు, కావాలని అలా పెట్టిందే. మాక్రోలోని రౌండ్ సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న సరి సంఖ్య వైపు పోతుంది. దీన్ని బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. లక్షల కొద్దీ అంకెలు కూడేటప్పుడు ప్రతి సగాన్నీ పైకే నెడితే మొత్తం మెల్లగా ఉబ్బిపోతుంది, సగంసార్లు కిందికీ సగంసార్లు పైకీ నెడితే ఆ ఉబ్బు తగ్గుతుంది, అదీ దాని వెనకున్న ఆలోచన. కంప్యూటర్లలో దశాంశాల లెక్కకి 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం కూడా మామూలుగా ఈ పద్ధతినే వాడమంటుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే మా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడా రౌండ్ ఇలాగే చేస్తుందని చెప్పాడు. గణాంకాలకి మంచి పద్ధతే, కాదనను.

కానీ మన జీతాల లెక్క గణాంకం కాదు కదా, జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు. డీఏ జీవోల్లో ప్రతిసారీ ఒక వాక్యం ఉంటుంది, యాభై పైసలు, అంతకన్నా ఎక్కువ ఉంటే పై రూపాయికి పెంచాలి, యాభైకి తక్కువైతే వదిలేయాలి అని. సరి సంఖ్యా బేసి సంఖ్యా అన్న మాటే అందులో లేదు. అంటే 9,054.50 జీవో ప్రకారం 9,055. నా మాక్రో ప్రకారం 9,054, ఎందుకంటే 9,054 సరి సంఖ్య. నేను జీవో చదవక కాదు, ఇరవైసార్లు చదివాను. రౌండ్ అంటే ఆ వాక్యమే అనుకున్నాను.

మరి ఇన్నేళ్లూ ఎవరికీ దొరకలేదేం అన్నది నన్ను నిద్రపోనివ్వలేదు. పెన్ను కాగితం తీసుకుని కూర్చుంటే అది కూడా తేలింది, ఇక్కడ లెక్కల మాస్టారి సంబరం కాస్త భరించండి. 22.75 శాతం అంటే 400కి 91. కాబట్టి బేసిక్‌ని 400తో భాగించి 200 మిగిలితే డీఏలో సరిగ్గా యాభై పైసలు పడతాయి. 2022 మాస్టర్ స్కేలులో, అంటే బేసిక్ మెట్లన్నీ వరసగా ఉండే పట్టికలో, 20,600, 21,800, 39,800, 83,000 అలాంటివి. వీటిలో 21,800కి 4,959.50 వస్తుంది, మాక్రో దాన్ని దగ్గరి సరి సంఖ్య 4,960 చేస్తుంది, జీవో కూడా 4,960 అంటుంది. తప్పుడు ప్రోగ్రామ్ తప్పుడు దారిలో వెళ్లి సరైన ఊరు చేరింది! 83,000 వాళ్లకి 18,882.50 వస్తే మాక్రో 18,882 ఇస్తుంది, రావాల్సింది 18,883. 20,600కి రావాల్సిన 4,687 బదులు 4,686. అంటే సగాలు పడేదే అయిదారు చోట్ల, అందులోనూ కొన్ని అదృష్టం కొద్దీ సరిపోతాయి. మిగతా రేట్లు చూడండి, 26.39, 30.03, 33.67. వీటికి సరిగ్గా యాభై పైసలు పడాలంటే బేసిక్ చివర 5,000 ఉండాలి, 35,000, 45,000 లాగా. స్కేలు మొత్తం వేలుపెట్టి వెతికినా నాకలాంటి స్టేజీ కనబడలేదు. 2015 పీఆర్సీలో నడిచిన 27.248 శాతమైతే, చివర సున్నా ఉన్న ఏ బేసిక్‌కీ సగం పడనే పడదు, కావాలంటే లెక్కేసుకోండి. ఒట్టి రౌండ్ వాడే మాక్రోలు బాగున్నాయని ఏళ్ల తరబడి అందరం అనుకున్నది అందుకే, వాటికసలు పరీక్షే ఎదురుకాలేదు.

రూపాయి తేడాకి ఇంత రాద్ధాంతమా అని మీ డెస్కులో ఎవరైనా అనుకోవచ్చు. ఆ రూపాయి అక్కడితో ఆగలేదు. మేడం సీపీఎస్‌లో (జీతంలోంచి కోసి జమచేసే పింఛను పథకం) ఉన్నారు, బేసిక్, డీఏ కలిపి పది శాతం కోత. 39,800కి 9,055 కలిపితే 48,855, పది శాతం 4,885.50, పైకి తెస్తే 4,886. నా తప్పు 9,054 కలిపితే 48,854, కోత 4,885.40, అంటే 4,885. ఒక లైనులో తప్పు రౌండాఫ్ కింద లైనులో ఇంకో తప్పును కన్నది. ఆరు నెలల ఆరు రూపాయలకి సప్లిమెంటరీ బిల్లు పెడితే కాగితాల ఖర్చే దానికి మించుతుంది, మేడం కూడా వద్దన్నారు, స్టాఫ్ రూమ్‌లో టీ తాగించి ఆ అప్పు తీర్చుకున్నాను. ప్రోగ్రామ్ మాత్రం అప్పటికే ఎంతమందికి ఫార్వర్డ్ అయిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇక మందు సంగతి. మాక్రోలో ఒట్టి రౌండ్ అని ఉన్న చోటల్లా దాని ముందు అప్లికేషన్, చుక్క, వర్క్‌షీట్‌ఫంక్షన్, చుక్క అని చేర్చాలి. పత్రికలో ఇంగ్లీషు ముక్కలు ఎందుకని తెలుగులో రాస్తున్నాను, మాక్రోలు రాసేవాళ్లకి అర్థమవుతుంది. అలా చేరిస్తే షీటు మీది రౌండ్‌నే మాక్రో పిలుస్తుంది, సగాన్ని పైకే తెస్తుంది, జీవో చెప్పినట్టు. అయితే బ్రాకెట్లో అంకె తర్వాత కామా, సున్నా కూడా ఉండాలి, అది లేకపోతే ఎర్రర్ వస్తుంది. కానీ ఇది చేశాక కూడా నాకు ఇంకోసారి 9,054 వచ్చింది! ఎందుకో తెలుసా, రౌండ్ చేయకముందే ఆ విలువని లాంగ్ అని ప్రకటించిన వేరియబుల్‌లో వేశాను. పూర్ణ సంఖ్యలు మాత్రమే పట్టే డబ్బాలో 9,054.50 పడేస్తే మనమేమీ అడక్కుండానే అది తనంతట తాను సరి సంఖ్యకి సర్దేసుకుంటుంది. సీఇంట్, సీలాంగ్ అనే ఫంక్షన్లదీ అదే తీరు. డబ్బు లెక్కలకి కరెన్సీ అనే రకం వాడుకోవడం మేలు, నాలుగు దశాంశాల వరకు ఖచ్చితంగా నిలబెట్టుకుంటుంది.

డబ్బాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఇంటిజర్ అనే డబ్బా ఒకటుంది, అందులో 32,767 మించి పట్టదు. నాకు ముందు తెలియదు. కొత్తగా చేరిన ఎస్‌జీటీల బేసిక్ 32,670, ప్రోగ్రామ్ చక్కగా నడిచింది. ఏడాది తిరిగి ఇంక్రిమెంటు పడి 33,590 అవగానే ఓవర్‌ఫ్లో అని ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. కొత్త టీచర్ ఒకడు “సార్, ఇంక్రిమెంటు మీ ప్రోగ్రామ్‌కి ఇష్టం లేనట్టుంది” అన్నాడు. తొంభై ఏడు రూపాయల్లో తప్పిపోయిన గండం, ఏడాది ఆలస్యంగా వచ్చింది.

ఇంకో రకం తప్పు ఫార్మాట్ ఫంక్షన్‌ది. నంబర్‌ఫార్మాట్ సెల్ వేషం మారుస్తుంది, అంకె అంకెగానే ఉంటుంది. ఫార్మాట్ ఫంక్షన్ అలా కాదు, అంకెని అక్షరాలుగా మార్చి చేతిలో పెడుతుంది. చూడటానికి తేడా తెలియదు. డీఏ 9,055, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) 3,980, రెంటినీ ఫార్మాట్ చేసి, ఆ రెంటినీ ప్లస్‌తో కలిపాను. అక్షరాలకి అక్షరాలు కలిపితే కూడిక ఉండదు, పక్కపక్కన అతుక్కుంటాయి. 90553980 వచ్చింది. తొమ్మిది కోట్ల అయిదు లక్షల యాభై మూడు వేల తొమ్మిది వందల ఎనభై రూపాయల డీఏ, హెచ్‌ఆర్‌ఏ! ఇంత పెద్దది కాబట్టి పట్టుబడింది. లెక్కలన్నీ అయిపోయాక, ప్రింటుకి వెళ్లే చివరి మెట్టు మీద తప్ప ఫార్మాట్ ఫంక్షన్ జోలికి పోకూడదని అప్పటినుంచి నాకు నేను పెట్టుకున్న నియమం.

దశాంశాల్లో ఇంకా లోతు సంగతి ఒకటుంది, త్వరగా చెప్పేస్తాను. మనకి మూడో వంతు 0.333 అని ఎంత రాసినా తెగదు కదా, రెండు అంకెలతోనే బతికే కంప్యూటర్‌కి పదో వంతు అలాంటిది. 0.1ని అది సరిగ్గా దాచుకోలేదు, చాలా దగ్గరగా దాచుకుంటుంది. సెల్‌లో ఒకటిని బ్రాకెట్లోని 0.5 మైనస్ 0.4 మైనస్ 0.1తో గుణించమని అడగండి, సున్నా రాదు, సున్నా తర్వాత పదహారు సున్నాలుండి ఆ తర్వాత ఏదో అంకె, అదీ మైనస్‌లో. నా మాక్రోలో రెండు టోటళ్ల తేడా సున్నా అయితేనే ప్రింటు తీయమని రాసుకున్నాను, ఒకరోజు కంటికి అన్నీ సరిపోతున్నా తేడా ఉందని మొండికేసింది. తేడాని కూడా రెండు దశాంశాలకి రౌండ్ చేసి అప్పుడు సున్నాతో పోల్చమంటే లొంగింది. అలాగే సగం కలిపి ఇంట్ వాడటం అనే పాత చిట్కా ఒకటి తిరుగుతుంటుంది, రూపాయలకి అది బాగానే ఉంటుంది, పైసల దాకా రౌండ్ చేయాలంటే 1.005 దగ్గర బోల్తా పడుతుంది. 1.01 రావాల్సింది ఒకటే వస్తుంది, ఎందుకంటే వందతో గుణిస్తే దానికి 100.5 రాదు, దానికి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది.

ట్రెజరీ ఐడీల ముందున్న సున్నా ఎగిరిపోవడం, ఆధార్ నంబరు 2.34568 పక్కన ఈ ప్లస్ 11 అని వికారంగా కనబడటం అందరూ చూసే ఉంటారు. ఆధార్‌ది పైపై రూపం మాత్రమే, లోపల పన్నెండు అంకెలూ భద్రంగా ఉంటాయి. పదహారు అంకెల బ్యాంకు అకౌంటుది అలా కాదు, ఎక్సెల్ అంకెల్లో పదిహేను దాకే నిలబెట్టుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది, ఇక ఏ ఫార్మాట్‌తోనూ తిరిగి రాదు. జీతం వేరే అకౌంటుకి పోయేంత ప్రమాదం అది. మాక్రోలో ముందు ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చాలి, అంటే నంబర్‌ఫార్మాట్‌కి "@" ఇవ్వాలి, ఆ తర్వాతే నంబరు రాయాలి. ముందు రాసి తర్వాత మారిస్తే చచ్చిన పాముని కొట్టినట్టే.

లక్షల కామాలు కూడా అడుగుతుంటారు. 1,50,000 రావాల్సిన చోట 150,000 వస్తుందని. కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ ఇండియాకి మార్చుకుంటే ఎక్సెల్ కామాలు మనలాగే పెడుతుంది, కానీ అది ఆ కంప్యూటర్ వరకే, ఫైలు ఇంకొకరు తెరిస్తే వాళ్ల సెట్టింగే నడుస్తుంది. అందుకని మాక్రోలో ఈ ఫార్మాట్ ఇస్తుంటాం:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

దీనికీ ఒక లోటు ఉంది. రికవరీలు, అంటే ఎక్కువిచ్చింది తిరిగి పట్టుకునేవి, మైనస్‌లో ఉంటాయి కదా, మైనస్ లక్షన్నర లక్షకన్నా చిన్నదే కాబట్టి నేరుగా మూడో ముక్కలోకి జారి మళ్లీ -150,000 అనే వస్తుంది. రికవరీ కాలమ్‌కి విడిగా ఇంకో ఫార్మాట్ రాసుకోవాల్సిందే.

మా జీతాల గొడవే ఎక్కువ రాశాను గానీ ఇది అందరిదీ. జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ కూడా పన్నుని దగ్గరి రూపాయికి తెమ్మంటుంది, యాభై పైసలైతే పైకే. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 288ఎ సెక్షన్ అయితే పన్ను పడే ఆదాయాన్ని పదులకి తెమ్మంది, చివరి అంకె అయిదుంటే పైకి. 7,43,225 ఉంటే 7,43,230. మాక్రోలో దాన్ని పదితో భాగించి ఒట్టి రౌండ్ చేసి మళ్లీ పదితో గుణిస్తే 7,43,220 వస్తుంది. ఈ మధ్య కుర్రాళ్లు గూగుల్ షీట్స్‌కి మారి అక్కడ స్క్రిప్టులు రాస్తున్నారు, ఆ భాష తీరు ఇంకోటి. అక్కడి మ్యాథ్ చుక్క రౌండ్ 2.5ని 3 చేస్తుంది, మంచిదే, కానీ రికవరీలో మైనస్ 2.5 వస్తే మైనస్ 2 చేస్తుంది, అదే షీటు మీది ఫార్ములా మైనస్ 3 అంటుంది.

ఈ ప్రోగ్రామ్‌లు చేసే మా సోదర టీచర్లకి ఒక్క మాట. మీరు నిద్ర మానుకుని, పైసా తీసుకోకుండా చేస్తారు, తెరవగానే మీ ఫోటో, ఫోన్ నంబరు పెట్టుకుంటారు, పెట్టుకోండి, అది మీ హక్కు. కానీ మాక్రోలకి పాస్‌వర్డ్ తాళం ఎందుకు వేస్తారు? ఎవరో కాపీ కొట్టి తమ ఫోటో పెట్టుకుంటారనే భయం నాకూ తెలుసు, నాదీ ఒకడు పెట్టుకున్నాడు. అయినా లోపల రౌండ్ ఏ రకమో మాకు కనబడాలి కదా. తాళం తీయడం ఇష్టం లేకపోతే కనీసం ముందు పేజీలో ఒక లైను రాయండి, రౌండాఫ్ జీవో ప్రకారం, ఏ లైనులో ముందు చేశాం, ఏ లైనులో తర్వాత అని.

ఎందుకంటే రౌండ్ సరైనదే వాడినా ఎక్కడ వాడామన్నది కూడా ఉంటుంది. 21,800 బేసిక్‌కి కొత్త డీఏ 4,960, పాతది 4,364, తేడా 596. కొందరు దారి దగ్గర చేసుకుందామని పెరిగిన 2.73 శాతాన్నే నేరుగా వేస్తారు, 595.14 వస్తుంది, 595 అంటారు. రెంటిలోనూ రౌండాఫ్ తప్పు లేదు, అయినా రూపాయి తేడా. ప్రతి నెలా ఇవ్వాల్సింది, ఇచ్చింది రెండూ నిండు రూపాయల్లోనే ఉంటాయి కాబట్టి వాటి తేడాయే సరైనదని నా లెక్క. డ్యూ డ్రాన్ స్టేట్‌మెంటు అని పేరు పెట్టింది కూడా అందుకే అనుకుంటాను. ట్రెజరీ పెద్దాయనని అడిగితే అవునన్నారు, కాలిక్యులేటర్ మీంచి తల ఎత్తకుండానే.

సవరణ వేస్తారని ఆశిస్తున్నాను. వేసేటప్పుడు దయచేసి ఉదాహరణకి 39,800 బేసిక్కే ఇవ్వండి, ఎవరి ప్రోగ్రామ్‌లో వాళ్లు కొట్టి 9,055 వస్తుందో లేదో చూసుకుంటారు. పొరపాటున 21,800 ఇచ్చారా, తప్పు ప్రోగ్రామ్‌లన్నీ పాసైపోతాయి.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
ప్రకాశం జిల్లా.